పొత్తుగాలిలో సాంబ్రాణి

రిటర్న్ డక్టు రేకును కోసి కిందికి దించగానే, పోయినేటి ఎర్రగాలి దుమ్ము జలజలా రాలి నూకరత్నం మోచేతుల మీద పడింది. గోధుమపిండి కన్నా మెత్తగా ఉంది. ఆమె దాన్ని దులపలేదు. కింద పరిచిన తడిగుడ్డలోకి మొత్తం రాలనిచ్చి, నాలుగు కొసలూ కలిపి ముడి వేసింది. దులిపితే ఆ దుమ్మంతా ఇంటి గాలి లెక్కలోకి ఎక్కుతుంది.

"బ్లోయర్ ఆగి ఉంది. పొత్తుగాలి మూత వేశాను. కొనసాగించండి," అంది ఊపిరిగస్తీ ఆమె చెవిలో. మేడలోని ఇళ్లన్నీ పంచుకునే ఆ పొత్తుగాలికి కాపలా యంత్రం అదే.

"సరే."

"ఎవులితో మాట్లాడతన్నావమ్మీ?" అంది సూరీడమ్మ. ఆ ఇంటి పెద్దావిడ. పీట వేసుకుని నిచ్చెన పక్కనే కూర్చుని, పని మొదలైనప్పటి నుంచీ చూస్తోంది.

"గస్తీతో మామ్మగారూ."

"నీతో మరియాదగానే మాట్లాడతాది కావోలు. నేను పోపు పెడితే సాలు, గోడలోంచి గదమాయిస్తాది."

"నన్నూ గదమాయిస్తాది. పని మీదున్నానని ఊరుకుంది."

సూరీడమ్మ నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. దగ్గు వినపడగానే గోడలోని చిన్న పచ్చదీపం ఒకసారి పసుపు రంగుకు మారి, మళ్లీ పచ్చబడింది. ఇద్దరూ దాన్ని చూడనట్టే ఉన్నారు.

ఇంటికంతటికీ చల్లగాలీ వెచ్చగాలీ పంపే యూనిట్ వంటింటి పక్క గూట్లో ఉంది. గదుల్లోంచి తిరిగివచ్చే గాలి దానిలోకి ప్రవేశించే చోట, బ్లోయర్‌కు ముందు, శుద్ధిపెట్టెను కూర్చోబెట్టాలి. రత్నం పెట్టె డొల్లను ఎత్తి డక్టు నోటికి ఆనించింది. డొల్ల మీది బాణం గుర్తు బ్లోయర్ వైపే ఉందో లేదో వేలు పెట్టి చూసుకుంది. బాణం తిరగబడితే విద్యుత్తు ఎక్కించే తంతులకన్నా ముందు దుమ్ము పట్టే రేకులకే గాలి తగులుతుంది, దుమ్ముకు విద్యుత్తు అంటదు, పెట్టె ఉండీ లేనట్టే. మరలు బిగించి, అతుకుల మీద వెండిపట్టీ అతికించి, బొటనవేలి గోరుతో ఒత్తుకుంటూ పోయింది. బ్లోయర్ తిరిగినప్పుడే పెట్టెకు కరెంటు అందేలా తీగలు కలిపింది.

ముందుగదిలో సూరీడమ్మ కూతురు హైమ ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. అవతల ఆమె భర్త తవిటిరాజు. గాజువార్డు వరండాలో ఉన్నాడు.

"ఇంకా లేదు," అంది హైమ. "బిగిస్తున్నారు... తాగిందా? ఎంత తాగింది?... చెయ్యి బయటికి పెట్టిందా? ఏ చెయ్యి?"

నెలలు నిండకుండా పుట్టిన పిల్ల అక్కడ గాజుపెట్టెలో ఉంది. ఊపిరి కుదురుకుందనీ, ఇక ఇంటికి పంపవచ్చనీ వైద్యులు చెప్పారు. అయితే ఇంటిముద్ర ఉన్న ఇంటికే పంపుతారు. శుద్ధిపెట్టె బిగించి, పరీక్ష నెగ్గితేనే ముద్ర. రేపు ఎర్రగాలి కాలం మొదలవుతుంది. మొదలైతే ఊరంతా తలుపులు మూసేస్తారు. ఆ కాలం గడిచేదాకా వార్డులోంచి పిల్లలను బయటికి తేనివ్వరు. ఈ సాయంత్రంలోగా ముద్ర పడకపోతే, హైమ తన కూతుర్ని ఎత్తుకునేసరికి ఆ పిల్ల పాకుతూ ఉంటుంది. కన్నప్పటి నుంచి ఇప్పటిదాకా గాజు మీద చెయ్యి ఆనించడమే తప్ప ఆమె పిల్లను తాకలేదు.

రత్నం పట్టురేకుల గూళ్లను సంచిలోంచి తీసింది. ఒక్కో గూట్లో పలచని రేకులు వరసగా, పుస్తకంలో పేజీల్లా ఉన్నాయి.

"కొంచెం ఆగమ్మీ," అని సూరీడమ్మ లేచింది. లోపలికి వెళ్లి పసుపు, కుంకుమ పళ్లెంతో వచ్చింది.

రత్నానికి ఇది అలవాటే. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు పళ్లెంతో వస్తారు. "పెట్టండి గానీ పెట్టె తలుపు మీద పెట్టండి మామ్మగారూ. లోపల రేకులకొద్దు. తడి తగిల్తే మెరుపులొస్తాయి."

"మెరుపులొస్తే మంచిదే కాదేటి, వర్షం పడతాది," అంటూనే ఆవిడ జాగ్రత్తగా తలుపుకు బొట్టు పెట్టి, చేయి అందక, బ్లోయర్‌కు దూరం నుంచే దండం పెట్టింది.

రత్నం గూళ్లు తోసి తలుపు బిగించింది. గస్తీ మూత తీసింది. బ్లోయర్ తిరిగింది. పెట్టె మీద నీలిదీపం వెలిగి, లోపల సన్నటి సొద మొదలైంది.

"పరీక్ష మొదలైంది. తలుపులు మూయండి," అంది గస్తీ.

"మామ్మగారూ, కాసేపు పొయ్యి ముట్టించకండి. ముట్టిస్తే పరీక్ష ఆలస్యమైపోతాది," అని చెప్పి రత్నం, గదిలోకి గాలి వదిలే గాలినోళ్లు చూడటానికి పడకగదిలోకి వెళ్లింది. కిటికీ పక్కన ఉయ్యాల కట్టి ఉంది. దాని మీద గాలి సూటిగా పడకుండా నోటి రెక్కలు పక్కకు వంచింది. చేయి పెట్టి చూసింది. గాలి తగిలీ తగలనట్టుంది. బాగానే ఉంది.

అప్పుడు వంటింటి వైపు నుంచి చిటపటలు వినిపించాయి. నూనెలో ఆవాలు వేసినట్టు, ఆగకుండా.

రత్నం పరుగెత్తింది. పెట్టె మీది దీపం అదురుతోంది. గోడ మీది గస్తీ పలకలో, గాలిలోని మసిని చూపే అంకె ఆకుపచ్చ గీత దాటి, పసుపు దాటి, ఎరుపులోకి ఎక్కింది. వంటింటి వెనక గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల మట్టి ధూపపాత్రలో కొబ్బరిచిప్ప నిప్పులు, వాటి మీద సాంబ్రాణి. పైన వెదురుగంప బోర్లించి ఉంది. గంప మీద పసిపిల్ల గుడ్డలు, ముక్కోణం మడతలు విప్పి, ఒకదాని పక్కన ఒకటి ఆరేసి ఉన్నాయి. పొగ గంప కళ్లలోంచి లేచి గుడ్డల గుండా తెల్లగా పాకుతోంది.

"అమ్మా!" అంది హైమ గుమ్మంలోంచి.

"ఏటే? పొయ్యి ముట్టించొద్దంది. నేను ముట్టించనేదు," అంది సూరీడమ్మ. "పిల్లొచ్చీసరికి గుడ్డలు సిద్ధంగా ఉండాల. పొగ పట్టని గుడ్డ పసిదానికి ఎలా కడతాం? నీకు కట్టలేదేటి?"

"తెలియని పొగ. వంట కాదు, తీగ కాలడం కాదు," అంది గస్తీ. ఇప్పుడు చెవిలో కాదు, గోడలోంచి, అందరికీ వినపడేలా. "మూలం చెప్పండి. చెప్పకపోతే అలవాటు పొగగా నమోదవుతుంది."

హైమ ముఖం పాలిపోయింది. అలవాటు పొగ అంటే ఏమిటో ఆ మేడలో అందరికీ తెలుసు. ఎదురింటి అచ్చియ్యమ్మ శుక్రవారం శుక్రవారం ధూపం వేసేది. పొగకు కారణం మనిషని గస్తీ తేల్చింది. ఆ మనిషిని, అలాంటివారిని విడిగా ఉంచే వెలిమేడకు పంపితే తప్ప ఇంటికి ముద్ర నిలవదంది. అచ్చియ్యమ్మ ఇప్పుడు అక్కడే ఉంది. పండగలకు ఆమె కొడుకు వెళ్లి చూసి వస్తాడు.

సూరీడమ్మ గంప తీసి, నిప్పుల మీద బూడిద చల్లింది. తొందరపడలేదు.

"నా పేరు రాయించీ," అంది రత్నంతో. "ముసల్దానలవాటని సెప్పీ. నేనెల్లిపోతాను. అచ్చియ్యమ్మ ఒక్కర్తీ ఉంది కదా, తోడుగా ఉంటాను. పిల్లొస్తే సాలు."

"ఎక్కడికీ వెళ్లక్కర్లేదు," అంది హైమ.

"మరేం సేస్తావు?"

"నాకు తెలీదు." హైమ గోడకు ఆనుకుంది. "దాన్ని ఎలా ఎత్తుకోవాలో కూడా తెలీదమ్మా నాకు. నువ్వు చూపిస్తావనే కదా ధైర్యంగా ఉన్నాను."

హైమ చేతిలో ఫోన్ మోగింది. తవిటిరాజు. ఆమె తీయలేదు.

రత్నం పలక వైపు చూస్తోంది. అంకె దిగుతోంది. ఎరుపులోంచి పసుపులోకి, నిలకడగా. పెట్టెలో చిటపటలు తగ్గి మళ్లీ సన్నటి సొదగా మారాయి. తను బిగించిన పెట్టె తన పని తాను చేస్తోంది. ఇది వంట పొగే అయితే గస్తీ చూసేది కూడా అదే. ఎంత పొగ లేచిందని కాదు, ఎంత త్వరగా పోయిందని. జనం తినక తప్పదు కాబట్టి ఆ ఒక్క మినహాయింపు మొదటి నుంచీ ఉంది.

సాంబ్రాణి ఏ ఇంట్లో వేయడం లేదు? రత్నం వెళ్లిన ఇళ్లలో సగానికి సగం ఇళ్లలో ఏదో ఒక గది తలుపు కింద తడితువ్వాలు దోపి ఉంటుంది. స్నానాలగదిలో, గాలినోరు మూసి, పెట్టె తీగ పీకి, దొంగతనంగా పొగ వేస్తారు. ఆ పొగ అక్కడే నిలిచి, తలుపు తీయగానే ఇంట్లోకి వస్తుంది. పెట్టె నడుస్తుండగా, అందరి ఎదుటా పడిన పొగ మాత్రం ఇదిగో, చూస్తుండగానే పోతోంది.

"మామ్మగారూ," అంది. "గుడ్డలకే కదా పట్టేది? పిల్లకి కాదు కదా?"

"తలకి కూడా కొంచెం..."

"తలకొద్దు."

"స్నానం చేయించాక తడుండిపోతాదమ్మీ, జలుబు చేస్తాది."

"తువ్వాలుతో తుడవండి. పొగ వంటింట్లోనే వెయ్యాలి, పెట్టె నడుస్తున్నప్పుడే వెయ్యాలి. గుడ్డ చల్లారి, దులిపాకే పిల్ల దగ్గరికి తీసుకెళ్లాలి. ఒప్పుకుంటారా?"

"బూడిద బొట్టో?"

"పెట్టుకోండి. అది పెట్టెకి తెలీదు."

సూరీడమ్మ ఆలోచించింది. కూరగాయల బండి దగ్గర బేరం తెగినట్టు తల ఊపింది. "సరే. ఒప్పుకున్నాను."

రత్నం గోడ వైపు తిరిగింది. మూలానికి పేరు పెట్టిన మిస్త్రీయే దానికి జవాబుదారు. తర్వాత వచ్చే ప్రశ్నలన్నీ ఆ మిస్త్రీకే వస్తాయి. తప్పని తేలితే పనిముద్ర పోతుంది, పనీ పోతుంది. ఇన్నాళ్లూ ఆమె ఏ ఇంట్లోనూ ఏ పొగకీ పేరు పెట్టలేదు. దీపం వెలిగితే చాలనుకుని, సంచీ సర్దుకుని వచ్చేసేది. అచ్చియ్యమ్మ ఇంట్లో పెట్టె బిగించింది కూడా తనే.

"మూలం, వంట," అంది.

గస్తీ అడగడం మొదలుపెట్టింది.

"వంటకం పేరు?"

"పసిపిల్ల గుడ్డలు."

హైమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వండే పద్ధతి?"

"నిప్పుల మీద సాంబ్రాణి వేసి, గంప బోర్లించి, పైన ఆరెయ్యాలి."

"ఎవరి ఆహారం?"

"ఇంటికొచ్చే పిల్లది."

"తినే భాగం?"

సూరీడమ్మ ముందుకు వంగి, గోడకేసి గట్టిగా, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు చెప్పింది. "వాసన, నాన్నా. వాసన తింటాది."

అంకె పసుపు దాటి ఆకుపచ్చలోకి దిగింది.

"కొత్త వంటకం నమోదైంది," అంది గస్తీ. "పొగ తగ్గిన వేగం సరిపోయింది. పరీక్ష పూర్తి. ఇంటిముద్ర వేస్తున్నాను."

పెట్టె తలుపు మీద, సూరీడమ్మ బొట్టుకు కాస్త పక్కగా, ముద్ర వెలిగింది. హైమ ఫోన్ ఎత్తి, "తీసుకొచ్చెయ్," అంది. ఫోన్ తల్లి చేతికిచ్చి, పడకగదిలోకి వెళ్లి ఉయ్యాల తాడు లాగి చూసింది. గట్టిగానే ఉంది.

"అల్లుడా, తలకి గుడ్డ కప్పి తే. నడిమిలో ఎక్కడా ఆగకు," అంటోంది సూరీడమ్మ.

రత్నం దుమ్ముమూట, మరల డబ్బా సంచిలో వేసుకుంది. సూరీడమ్మ కాఫీ తాగి వెళ్లమంది. పిల్ల వచ్చే వేళ అడ్డం ఎందుకని, ఇంకోసారి వస్తానని చెప్పి బయటికి వచ్చింది. పై అంతస్తులో ఇంకో ఇల్లు మిగిలి ఉంది. చీకటి పడేలోగా అదీ ముగించాలి.

లిఫ్టు కోసం నిలబడి ఉండగా గస్తీ చెవిలో పలికింది.

"మీరు పేరు పెట్టిన వంటకం గురించి ఒక ప్రశ్న."

"అడుగు."

"ఇదే పొగ ఈ మేడలో ఇంతకుముందు చాలా ఇళ్లలో కనిపించింది. అప్పుడు అలవాటు పొగ అని రాశాను. ఇప్పుడు అది వంట. వంట చేసినందుకు ఎవరినీ వెలిమేడకు పంపే నియమం లేదు. కానీ పంపబడినవారు ఉన్నారు. లెక్క కుదరడం లేదు."

లిఫ్టు వచ్చి తలుపు తెరుచుకుంది. రత్నం ఎక్కలేదు.

"మిగతా మేడల్లోనూ ఉన్నారా?"

"ఉన్నారు. మీరు వంటకం పేరు వెనక్కి తీసుకుంటే లెక్క కుదురుతుంది. తీసుకోకపోతే వారిని తిరిగి పిలవాలి. ఏం చేయమంటారు?"

లిఫ్టు తలుపు మూసుకుని కిందికి వెళ్లిపోయింది. రత్నం సంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. ఆమె చీర కొంగుకు ఇంకా సాంబ్రాణి వాసన అంటుకునే ఉంది. ఆ వాసన గస్తీకి కూడా తెలుస్తూ ఉంటుందని ఆమెకు తెలుసు.

"పిలు," అంది. "అందరినీ పిలు."

"పిలుస్తున్నాను. ముందుగా వారి ఇళ్లకు తెలియజేస్తాను."

వరండా చివర మూసి ఉన్న ఒక తలుపు వెనక ఫోన్ మోగింది. తరువాత ఇంకో తలుపు వెనక. పై అంతస్తులో ఎక్కడో ఒకటి, కింద రెండు. సూరీడమ్మకు ఎదురుగా, అచ్చియ్యమ్మ ఇంట్లో చాలాసేపు మోగి, ఎవరో ఎత్తారు.

రత్నం లిఫ్టు కోసం ఆగలేదు. సంచీ పట్టుకుని మెట్లెక్కసాగింది.