ఇల్లు కదిలిన చోటు

"నీ ఎద్దు కాలు బాగుపడిందా, ఈసారి రెండోదానికీ పట్టుకుందా?"

ఒతీలియా గొంతు వినగానే బెలార్మినో చేతిలోని మోకు జారింది. వంగి దాన్నే వెతుక్కున్నాడు. పాపం, ఆ నోరు అవసరానికి ఎప్పుడు పెగిలింది గనక!

చిలీ దేశపు చీలోయే దీవిలో ఇల్లు మారడమంటే ఇల్లే మారడం. చెక్క ఇంటిని దుంగల మీద దొర్లించి, ఎడ్లతో సరస్సు దాకా లాగి, పడవలకు కట్టి అవతలి గట్టుకు తేల్చుకుపోతారు. ఊరంతా సాయం పడుతుంది. కూలి అడగరు, కడుపునిండా మాంసం, ఆపిల్ కల్లు చాలు.

ఒతీలియా తండ్రి అవతలి గట్టున పడవలవాళ్ల అబ్బాయి సంబంధం చూశాడు. ఒక్కగానొక్క కూతురు. వదిలి ఉండలేక, పిల్లతో పాటు తనూ ఇంటితో సహా అత్తారింటి పక్కకే తరలిపోతున్నాడు!

అంత బరువు లాగే జోడెడ్లు ఊళ్లో బెలార్మినోకే ఉన్నాయి. మొదటిసారి రోజు పెట్టుకున్నప్పుడు ఎద్దు కుంటుతోందన్నాడు. రెండోసారీ అదే పాట. మూడోసారి వాన కాపాడింది. ఇల్లు కదలకపోతే పిల్ల ఎక్కడికి పోతుందని అతని ధీమా. ఈరోజు మాత్రం ఊరి పెద్దలే వచ్చి ఎద్దును నడిపించి చూశారు. సాయంత్రానికి ఇల్లు నీటి అంచున నిలబడింది. తెల్లారితే ప్రయాణం.

ఆకాశంలో మబ్బు తునక లేదు. ఏడాది పొడుగునా వానలో నానే ఆ దీవిలో ఇన్ని చుక్కలు కనబడితే పండగే మరి. అందరూ నెగడు చుట్టూ పాడుతున్నారు. బెలార్మినోకి మాత్రం ఆ చుక్కల్ని చూస్తే ఒళ్లు మండిపోతోంది. వాన కోసం అతను మొక్కని పునీతుడు లేడు.

ఒతీలియా తన ఇంటి గుమ్మంలో, నీళ్ల వైపు కాళ్లు వేలాడేసి కూర్చుంది.

"రా, కూర్చో. రేపట్నించి ఈ గుమ్మం నీకు దొరకదు."

కూర్చున్నాడు. సరస్సు నిండా చుక్కలే.

"ఎద్దుకేం కాలేదు," అన్నాడు చివరికి.

"తెలుసు."

"తెలుసా!"

"కుంటెద్దు కంచె దూకి మా క్యాబేజీలు మేసిపోతుందా, మొద్దూ?"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ముందు ఆమె నవ్వు ఆగింది.

"ఆ రోజు ఎంత సంబరపడ్డానో! ఎద్దు పేరు చెప్పినవాడు సాయంత్రానికి తన మాట చెప్పుకోడానికి మా నాన్న దగ్గరికి వస్తాడనుకున్నా. జడేసుకుని కూర్చున్నా. రెండోసారీ కూర్చున్నా."

"భయమేసింది ఒతీ. నాకేముంది, రెండు ఎడ్లు. మీ నాన్న కాదంటే..."

"అంటే నేను లేనూ? నువ్వు అడగందే నేనెవరి కోసం పోట్లాడను?"

"అడుగుతా. ఇప్పుడే అడుగుతా. నువ్వంటే నాకు ప్రాణం ఒతీ."

"ఇప్పుడా?"

చెయ్యి చాపింది. వేలికి ఉంగరం.

"మూడోసారి వాన పడింది చూడు, ఆ రోజు అతను ఒంటరిగా పడవేసుకుని వచ్చాడు. తడిసి ముద్దయిపోయాడు. మా నాన్నని కాదు, నన్నడిగాడు. అంతవరకూ నేను ఔననలేదు."

ఆ రోజు బెలార్మినో వాన చప్పుడు వింటూ, దేవుడికి దండం పెట్టుకుని హాయిగా నిద్రపోయాడు.

"రేపు మోకులు నువ్వే కట్టు," అందామె లేస్తూ. "ఇంకెవరు కట్టినా నాకు నమ్మకం లేదు." కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

తెల్లారి మోకులు అతనే కట్టాడు. ఒక్క ముడి వదులుగా వేస్తే చాలని తెలిసీ, అన్నీ గట్టిగానే బిగించాడు. ఇల్లు ఊగుతూ తేలింది. కిటికీలో ఒతీలియా కనబడినంతసేపూ అతను రెప్ప వెయ్యలేదు.

ఊరంతా విందుకని పడవలెక్కింది. అతను ఎడ్లను తోలుకుని ఇల్లు ఇదివరకున్న చోటికి వచ్చాడు. చుట్టూ బురద. ఇల్లున్నంత మేర మాత్రం పొడి మట్టి. ఒతీలియా పుట్టక ముందు నుంచీ వాన ఎరగని నేల అది. దాని మధ్యలో చతికిలబడ్డాడు.

మధ్యాహ్నం వాన మొదలైంది.

"ఇప్పుడా రావడం?" అని ఆకాశం మీద అరిచి, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. తల ఎత్తేసరికి ఆ పొడినేల కూడా తడిసి, చుట్టూ ఉన్న బురదలో కలిసిపోయింది.