నలభై ఒక్క వేలిముద్రలు

1979 డిసెంబరు 6, గురువారం. ఉదయం 9.20.

తిరువూరులో గౌసియాబీ ఇంటి వసారా. రేకుపెట్టె మూత తెరిచిన శ్యామలాదేవి అక్కడే కూలబడింది.

అర్జీ మీద ఉండాల్సిన నలభై ఒక్క సంతకాలు లేవు. వాటి స్థానంలో నలభై ఒక్క వేలిముద్రలు ఉన్నాయి.

పది గంటలకు హెడ్ కానిస్టేబుల్ రాయప్ప సైకిలు దిగాడు. చిరాగ్గా ఉన్నాడు. కాగితాలు పోవడం కూడా ఒక కేసేనా అని నవ్వి, ఎస్సై తననే పంపించాడు మరి.

శ్యామలాదేవి చెప్పింది విన్నాక ఆ చిరాకు ఇంకోవైపు తిరిగింది. ఆమె ఏడాదిగా ఈ వసారాలో ఆడవాళ్లకు సాయంత్రం బడి నడుపుతోంది. వయోజన విద్య గ్రాంటు మీద నడిచే బడి. పోయిన నెల ఉత్తరం వచ్చింది. నేర్చుకున్నవారు ఎవరూ లేరట, కనుక నెలాఖరుతో గ్రాంటు ఆపుతారట. ఆ ఉత్తరం రాసిన మహానుభావుడు ఈ వసారా మెట్టు ఎక్కిన పాపాన పోలేదు.

ఆమె తొమ్మిదిసార్లు పంచాయతీ సమితి ఆఫీసు చుట్టూ తిరిగింది. సార్ మీటింగులో ఉన్నారు. సార్ క్యాంపులో ఉన్నారు. చివరికి చదువుకునేవాళ్లందరి చేతా అర్జీ మీద సంతకాలు పెట్టించింది. ఈరోజు మూడింటికి జిల్లా ఆఫీసరు సమితి ఆఫీసుకు వస్తున్నాడు. ఆ అర్జీ ఆయన చేతిలో పడాలి. లేకపోతే బడి మూతే.

"ఈ వేలిముద్రలు ఇస్తే మా గొయ్యి మేమే తవ్వుకున్నట్టు కదండీ రాయప్పగారూ" అంది ఆమె.

రాయప్ప పెట్టె చూశాడు. తాళం పగల్లేదు. గీతలు గీసి, నంబర్లు వేసి పెట్టిన ఖాళీ కాగితాలు అందులోనే ఉండేవట. దొంగ వాటినే వాడాడు. ముద్రలు సిరాతో వేసినవి. జేబులోంచి భూతద్దం తీసి ఒక్కొక్కటే చూశాడు. పావుగంట పట్టింది.

గౌసియాబీ టీ తెచ్చింది. కుట్టుమిషను మీద బతికే మనిషి. బడికి వసారా ఇచ్చింది ఆమే, మొదటి సంతకం పెట్టిందీ ఆమే. చెయ్యంతా కొంగుతో కప్పి గ్లాసు అందించింది. వేడికేమో అనుకున్నాడు రాయప్ప. తీరా పట్టుకుంటే గ్లాసు గోరువెచ్చగా ఉంది.

"ఎవరి మీదైనా అనుమానం ఉందా?" శ్యామలాదేవిని అడిగాడు.

ఉంది. దస్తావేజులు రాసే వెంకటకృష్ణారావు. ఆడవాళ్లంతా సంతకాలు నేర్చుకుంటే నేను సోడాలు అమ్ముకోవాలా అని బజార్లో అన్నాడట.

11.15కి రాయప్ప అతన్ని పట్టుకున్నాడు. నిన్న మధ్యాహ్నం నెమలి గుడికి వెళ్లి, ఇందాక పదిన్నర బస్సుకు దిగానన్నాడు. టికెట్లు చూపించాడు. కండక్టరు అవునన్నాడు. నిన్న సాయంత్రం ఆరింటికి శ్యామలాదేవి ఇంటికెళ్లడానికి గంపలగూడెం బస్సెక్కేటప్పుడు సంతకాలు పెట్టెలోనే ఉన్నాయి. అంటే అతను కాదు.

మధ్యాహ్నం 1.40. వసారాలో శ్యామలాదేవి, గౌసియాబీ, ఓ పదిమంది ఆడవాళ్లు.

"పెట్టె తాళంచెవులు ఎన్ని?" రాయప్ప అడిగాడు.

"రెండండీ. ఒకటి నాది, ఒకటి గౌసియాది."

"దొంగ ఒక్కడే అయితే ఈ కాగితాల మీద మహా అయితే పది వేళ్లుండాలి. మనిషికి ఉన్నవి పదేగా. ఇక్కడ నలభై ఒకటీ వేరువేరు. వేలిముద్రలున్నాయని అందరం గుండెలు బాదుకున్నాం. ఎవరి వేళ్లో చూడలేదు." రాయప్ప ముందు వరసలో కూర్చున్న మనిషి వైపు తిరిగాడు. "చిట్టెమ్మా, నీ చెయ్యి చూపించు."

చిట్టెమ్మ గౌసియాబీ వైపు చూసి, నెమ్మదిగా చెయ్యి చాపింది. బొటనవేలు నీలంగా ఉంది.

"వాళ్లనేం అనకండి సార్. నేనే వేయించాను" అంది గౌసియాబీ.

శ్యామలాదేవికి ఒళ్లు మండిపోయింది. "ఎందుకే? ఏడాది కష్టం!"

గౌసియాబీ తల దించుకుని చెప్పింది. పది రోజుల కిందట బళ్ల ఇనస్పెక్టరొకడు ఇంట్లోవాళ్ల జాకెట్టు గుడ్డలు కుట్టడానికి ఇచ్చిపోదామని వచ్చాడు. పలకల మీద పేర్లు చూశాడు. సంతకాలు వచ్చేశాయిగా, మీకింక బడెందుకు, ఈ గ్రాంటు చదువురాని ఊరికి ఇవ్వొచ్చు అని పోయాడు. సంతకాలు చూపిస్తే బడి పోతుందని ఆమెకు భయం పట్టుకుంది. టీచరమ్మ ఒప్పుకోదని ఆమెకు చెప్పలేదు. నిన్న సాయంత్రం టీచరమ్మ బస్సెక్కాక అందరినీ పిలిచి ముద్రలు వేయించింది.

నేర్చుకోలేదని ఒకడు మూసేస్తానంటాడు. నేర్చుకున్నారని ఇంకొకడు మూసేస్తానంటాడు. రాయప్పకి ఎవర్ని అరెస్టు చేయాలో బాగా తెలుసు. అది తన చేతిలో లేదు.

"ఆ సంతకాల కాగితాలేవి?"

గౌసియాబీ మిషను సొరుగులోంచి తీసింది. "కాల్చేద్దామనుకున్నా సార్. నా పేరు నేను రాసుకున్న కాగితం, చేతులు రాలేదు."

సరిగ్గా మూడింటికి ముగ్గురూ ఆఫీసరు ముందు నిలబడ్డారు. సంతకాలూ, వేలిముద్రలూ రెండూ బల్ల మీద పెట్టారు.

"ఏది నిజం?" అన్నాడు ఆఫీసరు.

"రెండూ నిజమే సార్" అంది గౌసియాబీ. "పేరు రాస్తాను. అరలూ పావులూ ఇంకా రాలేదు. జాకెట్ల కొలతలు దారానికి ముడులేసుకునే గుర్తుపెట్టుకుంటున్నా. సగంలో ఉన్నాం. సగంలో ఆపకండి."

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. అర్జీ మూల మీద ఒక మాట రాసి, గుమాస్తా వైపు తోసి, జీపెక్కాడు.

శ్యామలాదేవి ఆ మాట చూసి మొహం తిప్పుకుంది. గౌసియాబీ వంగి, కాగితం మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. గుమాస్తా విసుక్కోబోతే రాయప్ప కళ్లెర్రజేశాడు. రెండు నిమిషాలు పట్టింది.

"ప-రి-శీ-లిం-చా-లి." ఆమె తలెత్తింది. "అంటే బడి ఉన్నట్టా సార్, లేనట్టా?"

ఇరవై రెండేళ్ల సర్వీసులో రాయప్ప ఆ మాట వేల ఫైళ్ల మీద చదివాడు. అర్థం అతనికీ తెలియదు.