పిల్లగెడ్డలో ఆగిన చక్రం

పిల్లగెడ్డ దాటు అంటే స్టీలు ప్లాంటు పనుల్లో ఉన్న డ్రైవర్లంతా భయపడే రోజులవి. పొద్దుగూకితే ఆ దారిన బండి పెట్టేవాడు లేడు.

నిజానికి అది పెద్ద గెడ్డేమీ కాదు, చిన్న వాగు. ఎండాకాలంలో మేకలు నడిచి దాటుతాయి. కానీ అప్పలసూరి అనే టిప్పరు డ్రైవరు ఒక వానాకాలం రాత్రి అక్కడే బండితో సహా బోర్లాపడి బురద కింద ఉండిపోయాడు. మూడో రోజుకి గానీ మనిషిని తియ్యలేకపోయారు. తీసేసరికి రెండు చేతులూ వెనక చక్రాన్ని పట్టుకునే ఉన్నాయట.

ఆనాటి నుంచీ అక్కడ దిగబడిన ప్రతి బండిదీ ఒకటే తంతు. ఇంజను అరుస్తుంది. ఒక పక్క చక్రం గిర్రున తిరుగుతుంది. రెండో పక్క చక్రం మాత్రం కదలదు... ఎవరో పట్టుకున్నట్టు.

పైడయ్య ఈ మాట విన్నాడు. నవ్వాడు కూడా. కానీ ఎనభై మూడులో ఆ రాత్రి నవ్వడానికి అతని దగ్గర ఏమీ మిగల్లేదు.

అతను ఓ కాంట్రాక్టరు దగ్గర లారీ డ్రైవరు. మిలిటరీ వేలంలో కొన్న పాత లారీ అది, నాలుగు చక్రాలూ లాగే రకం. పైడయ్య చేతికొచ్చి నాలుగు నెలలైంది. అతను అప్పా అని పిలిచే అక్క జోగమ్మ, బావ జగ్గారావు పని దగ్గరే రేకుల షెడ్డులో ఉండేవారు. జగ్గారావు ఇనప కడ్డీలు వంచే పని చేసేవాడు.

ఆ రాత్రి షిఫ్టులో, గాలివానలో, కడ్డీల కట్ట జారి జగ్గారావు తొడ మీద పడింది. జోగమ్మ తన చీర చింపి కట్టింది. కట్టిన గుడ్డ కట్టినట్టే ఎర్రబడిపోతోంది.

మెయిన్ రోడ్డు మీద కల్వర్టు కొట్టుకుపోయింది. మిగిలింది గెడ్డదారే. జగ్గారావుని లారీలోకి ఎక్కించిన నలుగురూ ఆ మాట వినగానే ఒక్కొక్కరే దిగిపోయారు.

"పోన్లే తమ్ముడూ," అంది జోగమ్మ, మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని. "నువ్వు తోలు."

గెడ్డ దగ్గరికొచ్చేసరికి హెడ్‌లైటు వెలుతురులో నీళ్ళు తప్ప ఇంకేమీ కనిపించలేదు. పైడయ్య లారీ ఆపి, ముందు చక్రాలకి కూడా బలం వెళ్ళే గేరు వేశాడు. చిన్న గేరులో నిదానంగా దింపాడు.

సగం దాకా వచ్చింది. తర్వాత ఎడం పక్కకి ఒరిగింది... ఆగిపోయింది.

ఎక్సలేటరు తొక్కాడు. ఎడమ చక్రాలు రెండూ గిర్రున తిరిగి బురద చిమ్మాయి. లారీ వేలెడు కదల్లేదు.

"ఏటైంది?" వెనక నుంచి జోగమ్మ గొంతు.

"ఏటీ లేదప్పా. బావతో మాటాడతా ఉండు. పడుకోనీకు."

గేరులోనే వదిలి, టార్చి పట్టుకుని కుడిపక్కకి దిగాడు. నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి. ఇంజను నడుస్తోంది. అవతలి పక్క చక్రాలు నీళ్ళని చిలుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఈ పక్క వెనక చక్రం మీద టార్చి వేశాడు.

అది తిరగడం లేదు.

అరచెయ్యి ఆనించి చూశాడు. టైరు సన్నగా వణుకుతోంది... లాగుతున్నా వదలని పట్టులో ఉన్నట్టు. పైడయ్య గబుక్కున చెయ్యి తీసేశాడు.

పై నుంచి జగ్గారావు మూలుగు వినపడింది. ఆ మూలుగు ఇందాకటి కంటే చిన్నదైపోయింది. భయపడాల్సింది దానికి.

"అప్పలసూరీ," అన్నాడు నీళ్ళలోకి వంగి, గుసగుసగా. "నువ్వూ డ్రైవరువే గదా. మా బావ సచ్చిపోతన్నాడు. ఒగ్గీయి. కావాలంటే రేపొచ్చి నన్ను పట్టుకో."

నీళ్ళు అలాగే పారుతున్నాయి.

అప్పుడు గుర్తొచ్చాడు మొహియుద్దీన్ మేస్త్రీ. పాతూళ్ళో అతని షెడ్డులోనే పైడయ్య పని నేర్చుకున్నది. పిల్లగెడ్డ మాట ఎత్తితే మేస్త్రీ నవ్వి, ఇరుసు మధ్యనుండే గుండ్రటి ఇనప డిప్ప విప్పి చూపించాడొకసారి.

"సూడు బేటా. బండి మలుపు తిరిగితే బయటి చక్రం ఎక్కువ దూరం పోవాల, లోపలిది తక్కువ. రెంటినీ ఒకే కడ్డీకి బిగిస్తే టైర్లు అరిగిపోతాయి, ఇరుసు ఇరిగిపోద్ది. అందుకే మధ్యలో ఈ పళ్ళచక్రాలు. దీన్నే డిఫరెన్షియల్ అంటారు. మంచిదే. కానీ దీనికో పాడుబుద్ధుంది... ఏ చక్రం సులువుగా తిరిగితే అటే తిప్పుద్ది. బురదలోది గిర్రున తిరుగుద్ది, గట్టినేల మీదది నిలబడిపోద్ది. దెయ్యం లేదు, ఏం లేదు."

"నాలుగు చక్రాలూ లాగే బండికి ఆ బాద లేదు గదా?"

"ఎందుకు లేదు? ముందిరుసుకొకటి, ఎనకిరుసుకొకటి, రెండూ ఉంటాయి. ముందొకటి, ఎనకొకటి జారినాయా, నాలుగు చక్రాల బండి కూడా అంతే సంగతులు. అప్పుడు లాక్ పుల్ల లాగాల. ఎనక రెండు చక్రాలూ ఒకే కడ్డీ అయిపోతాయి. గట్టినేల మీదున్న చక్రం తిరక్క తప్పదు. టక్కుమని చప్పుడొస్తది, అప్పుడు క్లచ్చి ఒదులు. రోడ్డెక్కగానే తీసెయ్యి."

పైడయ్య సీట్లోకి ఎగబాకాడు. సీటు పక్కన, తుప్పు పట్టిన పొట్టి పుల్ల. ఈ నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

క్లచ్చి తొక్కి లాగాడు. తేలిగ్గానే వచ్చేసింది. చప్పుడు వచ్చిందో లేదో... ఆ వానలో ఏం వినపడుతుంది?

క్లచ్చి వదిలాడు. ఎడమ చక్రాలు మళ్ళీ గిర్రున తిరిగాయి. లారీ ఇంకాస్త ఒరిగింది.

"తమ్ముడూ," జోగమ్మ గొంతు సన్నబడింది. "బావ పలకట్లేదురా."

పైడయ్యకి ఏడుపొచ్చింది. క్లచ్చి తొక్కి, పుల్ల తోసి మళ్ళీ లాగాడు. మళ్ళీ తోసి మళ్ళీ లాగాడు. పళ్ళు బిగించి క్లచ్చి వదిలాడు.

వెనక నుంచి ఓ పెద్ద ఊపు.

లారీ కుడిపక్క ఒక్కసారిగా లేచినట్టైంది. ఆగి ఉన్న చక్రం తిరిగింది... అతనికి తెలిసిపోయింది. బురద మీద కాదు, గట్టు మీద ఎక్కుతున్నట్టు లారీ ముందుకి నడిచింది. అవతలి ఒడ్డెక్కాక కూడా పైడయ్య ఆపలేదు. లాక్ పుల్ల మాత్రం తోసేశాడు. గాజువాక దాటేదాకా వెనక్కి చూడలేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరు ఇంకో అరగంటైతే మనిషి దక్కేవాడు కాదన్నాడు. కాలు మాత్రం పాతకాలులా పనిచెయ్యదన్నాడు. కాలిదేముంది, మనిషి బతికితే చాలనుకున్నారు.

మూడో రోజు పైడయ్య బురద కడిగిన లారీని నేరుగా మొహియుద్దీన్ షెడ్డుకి తోలాడు. జరిగిందంతా చెప్పి, వంగి మేస్త్రీ కాళ్ళు పట్టుకోబోయాడు.

మేస్త్రీ పట్టుకోనివ్వలేదు.

"ఏ పుల్ల లాగినావు?"

పైడయ్య చూపించాడు.

"ఇది ఉత్తి పుల్ల, బేటా. పాత డ్రైవరు తారురోడ్డు మీద లాక్ ఏసి ఇరుసు ఇరగ్గొట్టినాడు. మీ సేటు తీసెయ్యమన్నాడు. రెండేళ్ళయింది. లోపల సామానంతా నానే తీసినాను."

నమ్మలేక పైడయ్య లారీ కిందకి దూరాడు. పుల్లకి ఉండాల్సిన ఊచ లేదు. ఇరుసు డిప్ప మీద ఊచ దూరే కన్నం గుండ్రటి రేకు ముక్కతో మూసేసి ఉంది. రేకు మీద పాత గ్రీజు గట్టిపడి ఉంది.

"ఎడం చక్రం కింద రాయేదో దొరికుంటది," అన్నాడు మేస్త్రీ, అతని మొహం చూడకుండా. "దొరుకుద్ది ఒక్కోసారి."

ఆ మాటే పట్టుకుని పైడయ్య ఆసుపత్రికి వచ్చాడు. రాయే అయ్యుంటుంది. జగ్గారావు నిద్రపోతున్నాడు. జోగమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుని గంజి చల్లారబెడుతోంది. తమ్ముణ్ణి చూసి కాస్త కోపంగానే అంది -

"అంత సాయం సేసిన మనిషిని అక్కడే ఒగ్గీసి వచ్చీసినావేట్రా?"

"ఏ మనిషప్పా?"

"లారీని ఎనక నుంచి తోసినాడు సూడు, ఆయన. మన షెడ్డులోడే అనుకున్నాను. ఎక్కమని సెయ్యి సాపితే తల అడ్డంగా ఊపినాడు. పాపం, పీకల్లోతు నీల్లల్లో నిలబడిపోనాడు."

పైడయ్య తన మోకాలి కేసి చూసుకున్నాడు. ప్యాంటు మీద గెడ్డ బురద మరక ఇంకా పోలేదు... మోకాలి దాకానే ఉంది.