సుజన బిడ్డను ఎత్తుకున్న రోజు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. ఎల్బీ నగర్‌లోని సుజన ఇంట్లో మాత్రం ఆ పొద్దున గొడవ పాప దగ్గర మొదలైంది. ఉయ్యాల్లో ఏడుస్తున్న ఆరు నెలల మనవరాలిని తీయబోయిన కూతురు సుజనను యాదలక్ష్మి ఒక్క అరుపుతో ఆపింది.

"వంగకు! నువ్వు కూసో, నేను తెచ్చిస్త."

"నా బిడ్డను నేను ఎత్తుకోవద్దా అమ్మా?"

"నీ వెన్నుల కడ్డీలున్నయ్. మరిచిపోయినవా?"

ఎలా మరిచిపోతుంది? పద్నాలుగో ఏట వంకర తిరిగిన వెన్నెముకకు ఆపరేషన్ చేసి, ఎముకలు అతికేలా కడ్డీలు బిగించారు. పదమూడేళ్లయింది. సుజన చదివింది, ఉద్యోగం చేసింది, పెళ్లాడింది, తల్లయింది. యాదలక్ష్మి మనసులో మాత్రం ఆమె ఇంకా ఆ దవాఖాన మంచం మీదే ఉంది. కాన్పు సాయానికని తను వచ్చిన దగ్గర్నుంచి పాలివ్వడానికి తప్ప పాపను కూతురి చేతికి ఇవ్వలేదు.

ఆ రోజే వెన్ను చూపించుకోవడానికి ముగ్గురూ దిల్‌సుఖ్‌నగర్ వెళ్తే, డాక్టరు ఎక్స్‌రే చూసి నవ్వాడు.

"ఎముక గట్టిగా అతుక్కుందండీ. కడ్డీలు కదల్లేదు. నడుము అందరిలా వంగదు, అప్పుడప్పుడు నొప్పి రావచ్చు. మోకాళ్లు వంచి బిడ్డను హాయిగా ఎత్తుకోవచ్చు."

యాదలక్ష్మి తలూపింది కానీ పాపను వదల్లేదు.

బయటికొచ్చేసరికి రాస్తారోకో. ఆటోలు కూడా ఆగిపోయాయి. పాపను భుజాన వేసుకుని యాదలక్ష్మే ముందు నడిచింది. కొత్తపేట చేరేసరికి మోకాళ్లు మొరాయించి, ఓ దుకాణం మెట్ల మీద కూలబడింది.

"ఇటియ్యమ్మా."

"వద్దు బిడ్డా. నీకేమన్నయితే?"

సుజన ఆమె ఎదురుగా నిలబడింది. "పదమూడేండ్ల సంది గిదే మాట! నొప్పొస్తే నేనే చెప్త. నేను పాలిచ్చెటందుకేనా తల్లిని? పాప ఏడిస్తే నీ దిక్కే చేతులు చాపుతున్నది. గది నీకు కనవడతలేదా?"

యాదలక్ష్మి పాప మొహంలోకి చూసింది. నిజమే. తన భయానికి కూతురు ఇంత పోగొట్టుకుంటోందా? మెల్లగా పాప చుట్టూ ఉన్న చేతులు సడలించింది.

సుజన వీపు నిటారుగా ఉంచి, మోకాళ్లు వంచి గొంతుక్కూర్చుంది. పాపను గుండెకు హత్తుకుని ఒక్క ఊపున లేచింది.

కాస్త ముందు, రోడ్డు మీదే సమ్మెవాళ్లు వంట చేస్తున్నారు. డప్పులు మోగుతున్నాయి. పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న ఒకామె పిలిచింది. "చంటిపిల్లతోని ఎండల ఏడికి? జర తిని పోండ్రి!"

డప్పు చప్పుడుకు పాప తల్లి చంకలో ఎగిరెగిరి కేరింతలు కొట్టింది. సుజన కూడా నవ్వుతూ అడుగు కలిపింది. వేడి కిచిడీ నోట్లో పెట్టుకున్న యాదలక్ష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కారమెక్కువైందా అక్కా?"

"లేదు చెల్లె. గా ఆడేటామె నా బిడ్డ. ఎట్ల ఎత్తుకున్నదో జూడు!"

ఎల్బీ నగర్ దాకా పాపను సుజనే మోసింది. యాదలక్ష్మి కూతురి భుజం పట్టుకుని, తన మోకాళ్లను తిట్టుకుంటూ, నవ్వుతూ నడిచింది.