పిలిస్తే పలకని చోటు

"ఏమే, టీ," అన్నారు టైలర్ మాస్టారు, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

ముప్ఫై నాలుగేళ్లుగా ఆ ఇంట్లో ఆ పిలుపుకి జవాబు మాటల్లో రాదు, కప్పులో వస్తుంది. ఆయన భార్య ఎవరిదో కోటు ఒళ్లో వేసుకుని బొత్తాలు కుడుతోంది. సూది కోటుకే గుచ్చి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది. కింద దుకాణం, పైన ఇల్లు. కాజాలు, బొత్తాలు, అంచు కుట్లు అన్నీ ఆవిడవే. వంటిల్లు సరేసరి.

మాస్టారు చెడ్డవారేం కాదు. భార్యను పల్లెత్తు మాట అనరు. కాకపోతే ఆ ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడుంటుందో ఆయనకి తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఎవరూ రానివ్వలేదు.

ఆ ఆదివారం కూతురికి సెలవు. ఒక పెద్ద హోటల్లో అతిథుల బాగోగులు చూసే సూపర్‌వైజర్ ఆ అమ్మాయి. గదిలో గంట నొక్కిన మూడు నిమిషాల్లో మనిషి గుమ్మం ముందు నిలబడాలన్నది అక్కడి నియమం. నాలుగో నిమిషం పడితే సంజాయిషీ రాయాలి.

"అమ్మా, వచ్చే వారం ప్రయాణానికి టార్చిలైటు, దోమల మందు, తాడు సర్దకు," అంది టీ అందుకుంటూ.

"తాడు లేకపోతే తడిబట్టలు ఎక్కడ ఆరేస్తావే?"

"ఏటా వెళ్లే ఆ సరస్సు దగ్గరికి ఈసారి వెళ్లడం లేదు. ఆ కాటేజీ రద్దు చేయమని పది రోజుల కిందటే ఉత్తరం రాసేశాను. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు కదా. మా హోటల్ వాళ్లదే కొండ మీద ఇంకోటి ఉంది. అక్కడ గది తీసుకున్నాను. నీకు అరవై నిండుతున్నాయి. నాలుగు రోజులు కాలు కింద పెట్టనక్కర్లేదు."

తల్లి ముఖంలో సంతోషం కోసం చూసింది. తల్లి కోటు మళ్లీ ఒళ్లోకి లాక్కుంది గానీ, సూది తీయలేదు.

"నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా?"

"అడిగితే వద్దంటావని తెలుసు. ఏముందమ్మా అక్కడ? పోయినేడు వేడినీళ్లు మూడోరోజుకి వచ్చాయి. మంచం కాలు విరిగితే ఇటుకలు పెట్టారు. మనకిచ్చిన తాళంచెవి పక్క కాటేజీది. ఇక ఆ 'ఇదిగో' తాత సంగతి చెప్పనే అక్కర్లేదు."

కాటేజీలు చూసుకునే ముసలాయనకి ఆ పేరు పెట్టింది వీళ్లే. ఏమడిగినా "ఇదిగో వస్తున్నా" అంటాడు. రాడు.

"మీరిద్దరూ వెళ్లిరండి," అంది తల్లి. "నేను ఇంట్లోనే ఉంటాను."

కూతురికి చివుక్కుమంది. "ఆరు నెలల నుంచి ఒక్క సెలవు వాడకుండా దాచుకున్నాను, నీకోసం. నీకు అసలు సుఖపడటం తెలియదమ్మా."

"నాకా తెలియనిది?" తల్లి గొంతు పెరగలేదు కానీ, మాట గట్టిపడింది. "అయితే విను. మొదటిసారి వెళ్లినప్పుడు నీకు మూడేళ్లు. రేవు మెట్ల మీద నా కాలు బెణికింది. తెల్లారి మీ నాన్న టీ తెమ్మని ఆ తాతని కేకేశారు. ఇదిగో వస్తున్నా అన్నాడు ఆయన. గంట గడిచినా జాడ లేదు. నేను లేవలేను. ఇక గత్యంతరం లేక మీ నాన్నే వెళ్లి పొయ్యి అంటించారు. పొగకి కళ్లు తుడుచుకుంటూ రెండు కప్పులు పట్టుకొచ్చారు. పాలు పోయడం మర్చిపోయారు. అయినా తాగాను. పెళ్లయ్యాక ఇంకొకరు చేసిచ్చిన టీ తాగడం అదే మొదలు."

మాస్టారు చేతిలో పేపరు మెల్లగా కిందికి దిగింది.

"ఆ మర్నాటి నుంచి అక్కడ టీ ఆయనదే. నేను నీళ్లలో కాళ్లు పెట్టుకుని మెట్ల మీద కూర్చుంటాను. ఇరవై ఆరేళ్లు. ప్రతి ఏడాదీ, ఆ తాత ఎక్కడ మనసు మార్చుకుని వేళకి వచ్చేస్తాడోనని నాకు భయం. మీ కొండ మీద గంట కొడితే టీ వస్తుంది. మంచి టీయే వస్తుంది. మీ నాన్న మాత్రం కుర్చీలోంచి లేవరు."

ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెక్కపలక మీద కప్పులు పెట్టుకుని, ఒలకకుండా అడుగులో అడుగు వేసుకుంటూ రేవుకి వచ్చే నాన్న కూతురికి గుర్తొచ్చారు. చిరిగిన దోమతెర తనే కుట్టిన నాన్న. తనకి పళ్లేలు తోమడం నేర్పిన నాన్న. చిన్నప్పుడు సరస్సు దగ్గరి నాన్న వేరు, ఇంట్లో నాన్న వేరు అనుకునేది. పెద్దయ్యాక వేడినీళ్లు రాలేదన్న సంగతే గుర్తుపెట్టుకుంది. అమ్మకి ఏడాదిలో ఉన్నవే ఆ నాలుగు రోజులు. వాటినే తీసేసి, పైగా బహుమతి అంటూ చేతిలో పెట్టింది.

"ఈపాటికి ఎవరికో ఇచ్చేసి ఉంటారమ్మా," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఫోన్ తీసింది. నాలుగుసార్లు మోగి మోగి ఆగిపోయింది. ఐదోసారి అవతల దగ్గు వినిపించింది.

"ఇదిగో, చెప్పండి."

"తాతా, టైలర్ మాస్టారి అమ్మాయిని. నేనొక ఉత్తరం రాశాను..."

"ఉత్తరాలన్నీ డబ్బాలోనే ఉన్నాయమ్మా. దాని తాళంచెవి పోయి రెండు నెలలైంది. తీయించాలి. ఏం రాశావేంటి?"

ఆ అమ్మాయి కళ్లు మూసుకుంది. తన హోటల్లో ఇలాంటి మనిషిని సాయంత్రానికల్లా ఇంటికి పంపేసేది. ఇప్పుడు ఎదురుగా ఉంటే చేతులు పట్టుకునేది.

"ఏం లేదు తాతా. వస్తున్నామని."

"అది రాయడం కూడా దేనికి? మీ కాటేజీ మీకే ఉంది. మంచం కింద ఇటుకలు కూడా మార్చాను."

"మరి వేడినీళ్లు?"

"ఇదిగో, చూస్తా."

ఫోన్ పెట్టేసి నవ్వబోయి, తల్లి భుజం మీద తల ఆన్చి ఏడ్చేసింది. "నన్ను క్షమించమ్మా." తల్లి ఆమె జుట్టు సవరించింది. "పిచ్చిదానా, నా సుఖం కోసమేగా చేశావు. తాడు మాత్రం నువ్వే సర్దు."

మాస్టారు కాసేపు తన ఖాళీ కప్పు వైపు, భార్య వేళ్ల మీద సూది గాట్ల వైపు చూశారు. తర్వాత పేపరు మడిచి, మూడు కప్పులూ ఏరుకుని వంటింట్లోకి నడిచారు. డబ్బాల మూతలు ఒకదాని తర్వాత ఒకటి తెరిచిన చప్పుడైంది.

"ఏమే, పంచదార ఎక్కడ పెట్టావు?"

అలవాటుగా లేవబోయిన ఆవిడ ఆగింది. కోటు పక్కన పెట్టి, ఎదుటి కుర్చీ మీదికి కాళ్లు చాపుకుంది.

"ఇదిగో, వస్తున్నా," అంది. కదల్లేదు.