బూడిద గ్రహం

భావనపాడులో వాన ముందు వాసనగా వస్తుంది. ఎండుచేపల వాసన, తడిసిన వలల వాసన, ఆఖరికి సముద్రం. వాయుగుండం కబురుతో ఆ రోజు పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మగవాళ్లు పేకాటలో పడ్డారు. వాయుగుండం ఆడవాళ్లకు సెలవు ఇవ్వదు కాబట్టి మా అత్త అసిరమ్మ చేపల గంపలు లోపలికి చేరవేస్తోంది. నేను లాప్‌టాప్ ముందు కూర్చుని రెండు గ్రహాలను గుద్దిస్తున్నాను.

అది నా పని. టెక్కలిలో ఫ్లెక్సీల షాపులో నాయకుల మొహాలు తెల్లగా చేస్తూ ఫోటోషాప్ నేర్చుకున్నాను. ఆ మొహాలు చూసి చూసి విసుగు పుట్టి అంతరిక్షం బొమ్మలు మొదలుపెట్టాను. వాటిని ఇంటర్నెట్‌లో చూసి హైదరాబాద్ నుంచి ఒక సైన్సు పత్రిక సంపాదకుడు ముఖచిత్రం అడిగాడు. భూమి పుట్టిన కొత్తలో చిన్న గ్రహమొకటి వచ్చి గుద్దుకుందట. ఆ ముక్కల్లోంచే చందమామ తయారైందట.

"చిన్నది పెద్దదానిలో కలిసిపోతుందమ్మా. పేరు మాత్రం పెద్దదానిదే నిలుస్తుంది" అని ఫోనులో విడమరిచి చెప్పాడు.

నాకు పెళ్లయింది. ఆ సంగతి సైన్సు చెప్పక్కర్లేదు.

ఇలాంటి బొమ్మల్లో గ్రహం నేలను చేత్తో వేయం. ఫోటోలు అతికిస్తాం. తుప్పు పట్టిన లంగరు, మాడిన పెనం, రంగు లేచిపోయిన పడవ అడుగు, ఏది కనబడినా ఫోనులో తీసి దాచుకోవడం నాకు అలవాటు. ఆ ఫోటోను గుండ్రంగా చుట్టి, ఒక పక్క నీడ పెడితే గ్రహం అయిపోతుంది. పెద్ద గ్రహానికి పడవ అడుగు సరిపోయింది. చిన్నదానికి బూడిదరంగు నేల ఒకటి దొరికింది. మెత్తగా, ఒక్క గీత కూడా లేకుండా ఉంది. ఎక్కడ తీశానో ఆలోచించలేదు. రెండు గ్రహాలూ తాకిన చోట మంట పెట్టాను. బొమ్మ మొత్తానికి వెలుతురు అదొక్కటే.

అత్త అన్నం కంచం తెచ్చి పక్కన పెట్టింది.

"ఏటే, ఆ పెట్టిలో తల దూర్సీసినావు. తిను."

"తింటానత్తా. సాయంత్రానికి పంపాలి."

"సచ్చిపోయే గ్రహాలకి సాయంత్రమేటి, పొద్దేటి."

నవ్వొచ్చింది. నా కూతురు పోయాక మా ఇద్దరి మధ్య నవ్వులాంటిది రావడం అదే మొదలు. కంప్యూటరు వెలుతురు పడబట్టే పిల్లకు జ్వరం తలకెక్కిందని పక్కింటి గురమ్మ ఊరంతా చెప్పింది. చేపల వేటకు గుజరాత్ వెళ్లి వెరావల్‌లో బోటు మీదున్న తండ్రి, కూతుర్ని ఇసకలో పెట్టేనాటికి కూడా అందలేదు. ఆ మాట మాత్రం ఎవరూ అనలేదు. తండ్రి దూరాన ఉంటే దాన్ని సంపాదన అంటారు. తల్లి ఇంట్లో కూర్చుని సంపాదిస్తే పాపం అంటారు. అత్త ఒక్కతే గురమ్మ గుమ్మంలో నిలబడి నాలుగు తిట్టి వచ్చింది.

గాలి పెరిగింది. కరెంటు పోయింది. తలుపు సందుల్లోంచి వచ్చే వెలుతురు కూడా మాసిపోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. ఇంట్లో ఆ తెర ఒక్కటే వెలుగుతోంది.

ఆఖరిసారి సరిచూద్దామని చిన్న గ్రహాన్ని దగ్గరికి లాగాను. బూడిద నేల మీద ఏదో మచ్చ. ఇంకా దగ్గరికి లాగాను. ఐదు చుక్కలు, వాటి కింద ఒక ఒంపు, దాని కింద గుండ్రటి నొక్కు.

పసిపాదం.

ఆ కొలతన చూస్తే ఒక్కో వేలూ మా జిల్లా అంత ఉంటుంది. తుడిచేశాను. నేల మళ్లీ నున్నగా అయింది. చెయ్యి తీసేలోపు పాదం మళ్లీ ఉంది. దాని ముందు ఇంకొకటి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆ ఫోటో ఎక్కడిదో.

మనిషి పోతే, పోయిన చోట పిండి జల్లి గంప బోర్లిస్తారు మా వాళ్లు. తెల్లారి గంప ఎత్తి చూస్తే, పోయినవాళ్లు మళ్లీ ఏమై పుడతారో చెప్పే గుర్తు పడి ఉంటుందంటారు. పక్షి కాలో, పశువు గిట్టో, మళ్లీ మనిషి పాదమో. పెద్దవాళ్లకు చేస్తారు. పిల్లలకు చేయరు. అందులో ఆడపిల్లకా? "పిండి దండగ" అన్నారు కులపెద్దలు. పొయ్యిలో బూడిదకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. బూడిదే జల్లాను. అత్త తన చేపల గంప తెచ్చి ఇచ్చింది. తెల్లారి ఇద్దరం కలిసి ఎత్తాం. బూడిద నున్నగా ఉంది. నా పిల్ల ఎక్కడికీ వెళ్లినట్టు లేదు, ఎక్కడికీ వచ్చినట్టు లేదు. ఏడుస్తూనే ఫోను తీసి ఆ బూడిదను ఫోటో తీశాను. అలవాటు పడ్డ చెయ్యి.

ఆ బూడిదనే గ్రహానికి చుట్టాను.

అడుగులు ఇంకో రెండు పడ్డాయి. అవి ఎటు పోతున్నాయో చూశాను. మంట వైపు.

ఫోటోషాప్‌లో మంట ఉన్న పొర, అదే లేయర్, పక్కన దాన్ని దాచే కన్ను గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కి మంట ఆర్పేశాను. తెర అంతా నల్లబడింది. గది కూడా. నా ఊపిరి నాకు వినిపిస్తోంది... ఆ నలుపులో ఎక్కడో నా పిల్ల ఒక్కతే ఉంది. చీకటంటే దానికి భయం. దీపం తీస్తే నా చీర కుచ్చిళ్లు పట్టుకునేది. వెలుతురు ఎక్కడుంటే అక్కడికి పరుగెత్తేది.

ఆ గ్రహం మీద వెలుతురు నేను పెట్టిన మంట తప్ప ఇంకేం ఉంది?

మళ్లీ నొక్కాను. మంట వెలిగింది. అడుగులు మంట వైపు చాలా దూరం వెళ్లిపోయాయి. పెద్ద గ్రహాన్ని వెనక్కి జరపబోయాను. జరగలేదు.

చిన్న బ్రష్ తీసుకున్నాను. పసుపు రంగు. మంటకు ఎదురుగా, ఇవతలి నీడలో ఒక దీపం పెట్టాను. ఇటు రా తల్లీ... ఇటు...

దీపం చుట్టూ బూడిద కదిలింది. ఒక జత పాదాలు. దాని పక్కన ఇంకో జత. ఆ వెనక ఇంకా... నీడలోంచి గుంపులుగా వస్తున్నాయి. అన్నీ చిన్నవే.

నా వెనక అత్త నిలబడి ఉందని అప్పుడు తెలిసింది.

"ఇంతమందేటే" అంది గుసగుసగా.

"నేను దానికోసమే పెట్టానత్తా."

"దీపమెడితే అందరికీ కనబడతాది గదేటి."

ఆమె వంగింది. తెర వెలుతురు ఆమె ముడతల్లోకి దిగింది. చాలాసేపు వెతికింది.

"నా పెద్దోడు ఉన్నాడేటో అని సూస్తన్నాను." "నడక రాకుండానే పోనాడు. ఆడికి అడుగులెక్కడుంటాయిలే."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. చేపల వాసన, చల్లదనం. ఆ పాదాలన్నిటిలో నా పిల్లవి ఏవో నాకు తెలియడం లేదు. కన్నదాన్ని, రోజూ కాళ్లు కడిగినదాన్ని. తెలియడం లేదు.

నోరు తెరిచాను.

"పేరెట్టి పిలవకే" అంది అత్త. "దీపాలేళ పిలిస్తే పిలిసినోలు ఒక్కలే రారు."

పిలిచాను. ఆ పేరు ఇక్కడ రాయను.

బయట గాలి ఆగింది. దీపం చుట్టూ అడుగులు ఆగాయి. అన్నీ ఒక్కసారే తిరిగాయి. వేళ్లన్నీ మా వైపు ఉన్నాయి.

ఒక్క జత తిరగలేదు. అది దీపం దగ్గర లేదు. దూరంగా, మంట అంచున ఉంది. అటే చూస్తూ నిలబడి ఉంది. నా కూతురు ఒక్క పిలుపుకి ఎప్పుడూ పలికేది కాదు. రెండోసారి పిలవాలి. ఎప్పుడూ రెండోసారి పిలవాలి.

అత్త నా నోరు మూసింది. గట్టిగా. విదిలించుకోబోయాను. ఆమె అరచేతి కింద నా కేక అణిగిపోయింది. మంట అంచున ఉన్న జత ఒక అడుగు ముందుకేసింది... అక్కడ ఇక బూడిద లేదు.

అత్త అటు చూడటం లేదు. తిరిగిన అడుగుల వైపు చూస్తోంది.

నేను మౌస్ ముట్టుకోలేదు. జూమ్ మార్చలేదు. అయినా తెరలోంచి మా వైపు పడుతున్న ప్రతి కొత్త అడుగూ, వెనకటి అడుగు కంటే పెద్దదిగా పడుతోంది.