లక్కవాసనకు అరిచిన కాకి

మణిశృంగ రాజ్యంలో కాకి అరిస్తే చుట్టాలు రారు. వచ్చిన చుట్టాలే రాళ్లయిపోతారు. నవ్వకండి పిల్లలూ, ఆ ఊరివాళ్లకు అది నవ్వులాట కాదు.

ఆ కోట గుమ్మం మీద పంచలోహపు కాకి ఒకటి ఉండేది. దానికి ఏ వాసన నేర్పితే ఆ వాసనకు మూడుసార్లు అరిచేది. మూడో అరుపు తర్వాత ఎదుటి మనిషి పాదాల నుంచి మెల్లమెల్లగా రాయి అయ్యేవాడు. కాకి తన తప్పు తెలుసుకుని రెక్కతో తాకితే మళ్లీ మనిషయ్యేవాడు. పున్నమిలోగా తాకకపోతే ఆ రాతిలో ఇక ప్రాణముండదు.

కాకికి వాసనలు నేర్పే పని ద్వారపాలకుడు గంగన్న కూతురు వకుళది. పదిహేనేళ్ల పిల్ల, చురుకైనది, కాస్త తొందర ఎక్కువ. అంతకు ముందు ఏడాది మసిగడ్డం రాక్షసుడు ఒక కొయ్యగుర్రంలో దాక్కుని కోటలోకి వచ్చి, ధాన్యపు కొట్లన్నీ తగలబెట్టి పోయాడు. వకుళ ఆ గుర్రం చెక్కముక్క ఒకటి ఏరి కాకికి చూపించి, "ఇదే రాక్షసుడి వాసన, బాగా గుర్తుపెట్టుకో" అంది. ఎంత తెలివైన పిల్ల అని ఊరంతా మెచ్చుకుంది.

ఒకనాడు సింగోజు అనే ముసలి బొమ్మల పనివాడు నెత్తిన బుట్టతో వచ్చాడు. బుట్ట నిండా ఆటపావులు. పాచికలు వేస్తే పలక మీద వాటంతట అవే నడిచే ఏనుగులు, గుర్రాలు, బంట్లు. కోటలోని పిల్లల కోసం పన్నెండేళ్లు కూర్చుని చేశాడు. అతడు గుమ్మంలో కాలు పెట్టగానే కాకి అరిచింది.

"ఇవి ఆటబొమ్మలే తల్లీ! ఒక్కసారి చూడు" అన్నాడు సింగోజు.

"మా కాకి తప్పు చెప్పదు తాతా" అంది వకుళ, బుట్టకేసి చూడనైనా చూడకుండా.

రాయి నడుము దాకా వచ్చింది, మెడ దాకా వచ్చింది. "ఒక్కసారి చూడమ్మా" అంటూనే ఉన్నాడు ముసలివాడు. చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. ఆచారం ప్రకారం బుట్టను పాడుబావిలోకి దించి మూత వేసి ముద్ర కొట్టారు.

మర్నాడు ఒక తల్లి చంటిబిడ్డను ఎత్తుకుని వస్తే కాకి మళ్లీ అరిచింది. రెండో అరుపుకే వకుళ బిడ్డ చేతిలోని గిలక్కాయ లాక్కుని గుమ్మం బయటకు విసిరేసింది. కాకి నోరు మూసుకుంది. వకుళ బయటకు పరుగెత్తి గిలక్కాయ వాసన చూసింది. పక్కనే గడ్డిలో, సింగోజు బుట్టలోంచి జారిపడిన గుర్రం పావు దొరికింది. దాన్నీ వాసన చూసింది. రెండింటిదీ ఒకటే వాసన. బొమ్మలకు పూసే లక్క! తను కాకికి నేర్పింది రాక్షసుడి వాసన కాదు, కొయ్యగుర్రానికి పూసిన లక్క వాసన.

"ఆ వాసన మరిచిపో" అని కాకిని బతిమాలింది.

"నేర్చింది ఊరికే మరవను. ఇంతకంటే నిజమైన వాసన తెచ్చి చూపించు" అంది కాకి.

పున్నమికి తొమ్మిది రోజులుంది. తండ్రికి నిజం చెబుదామనుకుంది కానీ సిగ్గు అడ్డొచ్చింది. అందరూ మెచ్చుకున్న పిల్ల కదా! "మూలికలకు వెళ్లొస్తాను నాన్నా" అని అబద్ధమాడి, బయలుదేరింది. సింగోజు చేతులకేసి చూడలేక తల దించుకుని ఆ శిలను దాటి, బయట గడ్డిలోనే ఉన్న గుర్రం పావును తాతకు తిరిగి ఇవ్వాలని నడుముకు కట్టుకుంది.

రాక్షసుడుండే అడవి మొదట్లో ముళ్లకంచె, దాని ముందు ఒక ముని.

"ఎందుకొచ్చావు?"

"మా కాకి తప్పు చేసింది స్వామీ, సరిదిద్దాలి." కంచె మూరెడు పెరిగింది.

"ఎవరు తప్పు చేశారు?"

"ఆ రాక్షసుడు..." కంచె బారెడు పెరిగింది. వకుళకు ఏడుపు ముంచుకొచ్చింది. "నేనే స్వామీ! తప్పు నేర్పింది నేనే. తాత చూడమన్నా చూడలేదు."

కంచె దారి ఇచ్చింది. "ఈ మాట ఇక్కడ అనడం తేలికే. అనాల్సినచోట అను" అన్నాడు ముని.

అడవి నడుమ ఏటి రేవులో తాటిచెట్టంత ఎలుగుబంటి నిలబడి ఉంది. వకుళ చెయ్యి మూలికలు కోసే కత్తి మీదకు పోయింది. అంతలో సింగోజు మాట గుర్తొచ్చి చెయ్యి తీసేసింది. "నువ్వెవరు? ఇక్కడెందుకు నిలబడ్డావు?" అని అడిగింది.

"హమ్మయ్య! ఇరవై ఏళ్లుగా జనాన్ని ఏరు దాటించాలని నిలబడ్డాను. వచ్చినవాళ్లంతా బాణాలు వేశారే తప్ప ఒక్కరూ ఆ మాట అడగలేదు" అంది ఎలుగు. వకుళను వీపు మీద ఎక్కించుకుని ఏరు దాటించి, ఆమె వచ్చిన పని విని, "ఆ రాక్షసుడు మిట్టమధ్యాహ్నం బూడిదకుప్పలో నిద్రపోతాడు. వాడి చెమటది తడిసిన బూడిద వాసన" అని చెప్పింది.

మిట్టమధ్యాహ్నం వకుళ బూడిదకుప్ప దగ్గరికి పాకి, మసిగడ్డంలోంచి ఒక వెంట్రుక పీకింది. రాక్షసుడు కళ్లు తెరిచి పకపకా నవ్వాడు.

"మీ కాకి చంటిపిల్లల గిలక్కాయలకూ అరుస్తోందటగా! ఇంకో నెలకు మీరే విసిగిపోయి దాని ముక్కు కట్టేస్తారు. అప్పుడు నేను దర్జాగా నడిచొస్తాను."

వకుళ పరుగు తీసింది. రాక్షసుడు వెంటపడ్డాడు కానీ, ఎలుగు ఆమెను అవతలి ఒడ్డుకు చేర్చేసింది.

పున్నమి నాటి ఉదయం వకుళ కోట గుమ్మంలో అడుగుపెట్టింది. కాకి ఆమెను చూసి మూడుసార్లు అరిచింది. నడుముకున్న పావు సంగతి ఆమె మరిచేపోయింది! పాదాలు బిగుసుకుపోయాయి. గంగన్న పరుగున వచ్చి కూతురి చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

"ఏం చెయ్యను తల్లీ! మన కాకి తప్పు చెప్పదే!"

తన మాటే తనకు ఎదురైంది. రాయి మోకాళ్లు దాటింది.

"చెబుతుంది నాన్నా! తప్పు నేర్పింది నేను. ఆ తాత ఏ పాపమూ ఎరుగడు. నేనాయన్ని ఒక్క మాటైనా అడగలేదు. నువ్వైనా నన్ను అడుగు!" అని ఊరందరి ముందూ అరిచింది.

గంగన్న కళ్లు తుడుచుకున్నాడు. "నడుముకు కట్టుకున్నదేమిటమ్మా?"

"సింగోజు తాత చేసిన గుర్రం."

"మరి గుప్పిట్లో?"

"రాక్షసుడి గడ్డం వెంట్రుక. కాకికి చూపించు నాన్నా, తొందరగా!"

కాకి వెంట్రుకను చాలాసేపు వాసన చూసింది. తర్వాత మెడ తిప్పి, గుంపులో మల్లెదండల బుట్టతో లోపలికి జారుకుంటున్న పూలవర్తకుడికేసి మూడుసార్లు అరిచింది. తలపాగా ఊడింది, మసిగడ్డం బయటపడింది. వెంట్రుక కాకికి చేరకముందే లాక్కుందామని వచ్చి, ఇప్పుడు పారిపోబోయిన రాక్షసుడు పరుగెత్తుతున్న భంగిమలోనే శిల అయ్యాడు.

కాకి కిందికి దిగి వకుళను, ఆపైన సింగోజును రెక్కతో తాకింది. ముసలివాడు చాచిన చేతులు దించి చుట్టూ చూశాడు. రాజుగారు వకుళను కోటగుమ్మానికి అధికారిణిని చేస్తున్నామని ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. వకుళకు అవేవీ వినబడలేదు. పాడుబావి ముద్ర పగలగొట్టి, బుట్ట పైకి తోడి, గుర్రం పావును అందులో పెట్టి, ముసలివాడి కాళ్ల మీద పడింది.

"నువ్వు నన్నేమీ అడగలేదమ్మా" అన్నాడు సింగోజు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే వకుళకు కాస్త తేలికగా ఉండేది.

ఆమె కన్నీళ్లు తుడుచుకుని, వచ్చిన ప్రతివారినీ కాకి కంటే ముందు తానే అడగాల్సిన ప్రశ్నను మొదటిసారి అడిగింది.

"బుట్టలో ఏముంది తాతా?"

ముసలివాడు గుమ్మంలో చతికిలబడి ఒక్కొక్క పావూ తీసి ఆమె చేతిలో పెడుతూ, పొద్దుగుంకే దాకా చెప్పాడు.